మా ఇంట్లో అయితే లేవండి

మా కోడలు కిరణ్మయి వాటి పేరు ఇంతవరకు నోటితో పలకలేదు. "అవి" అంటుంది. మరీ తప్పకపోతే "ఆ ఇష్యూ" అంటుంది. ముప్పై మూడేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, పేరున్నదాన్ని సర్వనామంతో సరిపెట్టడం నాకు నచ్చదు. వాటి పేరు నులిపురుగులు. తెల్లగా దారప్పోగుల్లా ఉంటాయి. పిల్లల పేగుల్లో కాపురముంటాయి. రాత్రివేళ కిందికి దిగి మలద్వారం చుట్టూ గుడ్లు పెడతాయి. దురదకు పిల్ల గోక్కుంటుంది. గుడ్లు గోళ్లలోకి, గోళ్లు నోట్లోకి. ఇందులో బ్రహ్మరహస్యమేమీ లేదు. అయినా ఆ కాస్త సంగతి జూన్ నుంచి కార్తీకం దాకా మా ఇంట్లో ఎందుకు తెగలేదో, తప్పు ఎవరిదో, సగం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నా పేరు రత్నమాల. తణుకు దగ్గర మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. మా ఆయన రామబ్రహ్మం గారు పోయాక, మూడేళ్లుగా మా అబ్బాయి రోహిత్ దగ్గర ఉంటున్నాను. నానక్‌రామ్‌గూడలో, ఇరవై రెండో అంతస్తులో. కొడుకూ కోడలూ ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. వాళ్లకు ఒక్కతే కూతురు, రసజ్ఞ, ఐదేళ్లది. నా చేతి ముద్ద తిని నా పక్కనే పడుకునేది. ఆ రెండూ నాకు పింఛను కంటే ఎక్కువ.

జూన్‌లో రసజ్ఞ నిద్రలో మెలికలు తిరగడం మొదలుపెట్టింది. పొద్దున లేచేసరికి చిరాకు, ఊరికే ఏడుపు. కిరణ్మయి ముందు సబ్బు పడలేదంది. సబ్బు మార్చింది. బట్టల సబ్బు మార్చింది. లోదుస్తులు మార్చింది. మూడో రోజునే నేను చెప్పాను.

"నులిపురుగులమ్మాయ్. పెద్ద విషయమేం కాదు."

నేనేదో బూతుమాట అన్నట్టు చూసింది. "మనింట్లోనా అత్తయ్యగారూ? మనం ఆర్.ఓ. నీళ్లు తాగుతాం కదా."

"పురుగుకు మన ఇల్లని తెలుస్తుందా?"

నాలుగు సబ్బులు అయ్యాక డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆవిడ చెప్పినట్టే మర్నాడు పొద్దున పిల్ల లేవగానే, పుట్టినరోజు కానుకలు చుట్టే పారదర్శకమైన టేపు ముక్క అక్కడ అంటించి తీసి పట్టుకెళ్లాం. నేను చెప్పిందే నిజమైంది. నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది, అబద్ధమెందుకు.

డాక్టరమ్మ తీరిగ్గా చెప్పింది. "ఇంట్లో ఉన్నవాళ్లందరూ ఒకే రోజు మాత్ర వేసుకోవాలి. రెండు వారాలకు మళ్లీ ఒకటి. గోళ్లు కత్తిరించండి, పొద్దున్నే స్నానం చేయించండి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకండి. ఇది మురికివాళ్ల జబ్బు కాదమ్మా. పిల్లలు కలిసి ఆడుకునే ప్రతిచోటా వస్తుంది. ఇంట్లో ఎంతమంది?"

"నలుగురం," అంది కిరణ్మయి.

"పనావిడో?"

"ఆవిడతో ఐదుగురు."

ఐదుగురు అనే ఆ లెక్క దగ్గరే మేం తప్పులో కాలేశాం. కానీ అప్పటికి మాకేం తెలుసు.

కారెక్కగానే కిరణ్మయి నాచేత చేతిలో చేయి వేయించుకుంది. ఈ సంగతి టవర్‌లో చీమక్కూడా తెలియకూడదని. దానికి కారణం లేకపోలేదు. మా టవర్లలో చిన్నపిల్లల తల్లులకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. కిందటేడు ఆకాష్ అనే పిల్లాడి తలలో పేలు కనిపించాయని ఎవరో అందులో పెట్టారు. పేరు రాయలేదు, పద్నాలుగో అంతస్తు అని మాత్రం రాశారు. ఆ తర్వాత మూడు పుట్టినరోజులకు వాణ్ని ఎవరూ పిలవలేదు. వాళ్లు సామాను సర్దుకుని కొండాపూర్ వెళ్లిపోయారు.

కాబట్టి మందు మా టవర్ కింద దుకాణంలో కొనకూడదు, ఆయనకు ఫ్లాటు నంబర్లన్నీ కంఠతా వచ్చు. ఫోనులో తెప్పించకూడదు, గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు మందుల సంచీ తెరిచి చూస్తారని కిరణ్మయి అనుమానం. మిగిలింది నేను. ప్రతి గురువారం కూరగాయల కోసం చందానగర్ మార్కెట్‌కు వెళతాను. చేత్తో ఏరుకోకుండా బెండకాయలు కొనడం నావల్ల కాదు. అక్కడ మార్కెట్ సందు మొదట్లో నర్సయ్య గారి మందుల దుకాణం ఉంది. చీటీ చూపించాను. ఆయన ఏమీ అడగలేదు. నాకు హాయిగా అనిపించింది.

ఆ ఆదివారం టిఫిన్లు అయ్యాక అందరం మాత్రలు నమిలాం. మా పనావిడ జయమ్మ పాత నానక్‌రామ్‌గూడ ఊళ్లోనే ఉంటుంది. ఆవిడకు ఎలా చెప్పాలా అని కిరణ్మయి అరగంట తటపటాయించింది. తీరా చెబితే జయమ్మ చేయి చాచింది.

"ఇయ్యండి పెద్దమ్మా. మా మనవనికైతే బడిల ఏటా ఏస్తరు. మా అసుంటి ముసలోళ్లకు ఎవరేస్తరు?"

ఆ మాట నాకు అక్కడే తగలాల్సింది. తగల్లేదు.

రెండు వారాలకు రెండో మాత్ర వేసుకున్నాం. దుప్పట్లు ఉడికించాం. నెల రోజులు పిల్ల హాయిగా నిద్రపోయింది. ఆగస్టు చివర్లో ఒక పొద్దున మళ్లీ గోక్కుంది.

అక్కణ్నించి మా ఇంట్లో ఎవరికీ ఏమీ పాలుపోలేదు. మందు మంచిది కాదేమో అన్నాడు రోహిత్. నీళ్లేమో అంది కిరణ్మయి. తీపి వల్లేమో అన్నాను నేను. బెల్లం తింటే కడుపులో పురుగులు పడతాయని మా అమ్మ అనేది. కాదని నేనే మూడో తరగతికి పాఠం చెప్పాను. ఇన్నేళ్లకు ఏది నిజమో నాకే అనుమానం వచ్చి, సున్నుండల డబ్బా అటక మీద పెట్టేశాను. పిల్ల ఏడ్చింది. పురుగులు పోలేదు. ఈత కొలను వద్దన్నాం. ఇసుక గుంట వద్దన్నాం. కిరణ్మయి చూపు జయమ్మ మీదికి కూడా వెళ్లింది. వాళ్ల మనవడికి ఉన్నాయేమో కనుక్కోమని నన్ను ముందుకు తోసింది.

"మా పోరనికి ఏం లేవు పెద్దమ్మా," అంది జయమ్మ గిన్నెలు తోముతూనే. "ఎందుకు ఉత్తగనె ఫికర్ జేస్తరు. బడిల అందర్ని వరుసల నిలవెట్టి ఒక్క దినమే ఏస్తరు. మల్ల రాలే."

రెండోసారి కూడా ఆ మాట నా చెవి పక్కనుంచే పోయింది. పంతులమ్మను కదా, ఎదుటివాళ్లు చెప్పేది వినే అలవాటు తక్కువ.

మా రోహిత్‌ది సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం. "రూట్ కాజ్ తెలియాలమ్మా," అని కంప్యూటర్‌లో ఒక పట్టిక వేశాడు. దుప్పట్లు ఎప్పుడు ఉతికాం, గోళ్లు ఎప్పుడు తీశాం, మాత్ర ఎప్పుడు వేశాం. చివరి వరసలో అనుమానాలు. ఒకరోజు వాడు మీటింగ్‌లోకి వెళుతూ తెర మూయడం మరిచిపోయాడు. నేను కళ్లజోడు పెట్టుకుని చదివాను. నీళ్లు. ఇసుక. ఈత కొలను. బడి. అన్నిటికంటే కింద ఇలా ఉంది: అమ్మ చేతి ముద్దలు?

నాకు ఒళ్లు మండింది. నా చేత్తో తినే వాడు ఆరడుగులు ఎదిగాడు. తర్వాత మంట చల్లారి భయం పట్టుకుంది. ప్రశ్నార్థకం పెట్టాడు గానీ, తప్పేం రాశాడు? గోళ్లలోనే కదా ఉండేది. ఆ మధ్యాహ్నం బ్రష్షు పెట్టి గోళ్లు ఎర్రబడేదాకా తోముకున్నాను. రెండు రోజుల్లో నాకూ దురదగా అనిపించింది. నిజంగా దురదో, ఆలోచనకు పుట్టిన దురదో చెప్పలేను. ఎవరినడగను?

ఆ వారమే కిరణ్మయి చాలా మర్యాదగా అంది. "అత్తయ్యగారూ, ఏమీ అనుకోకండి. కొన్నాళ్లు రసజ్ఞ స్పూనుతోనే తింటుంది. వేరే మంచం మీద పడుకుంటుంది. తగ్గేదాకానే."

ఏమీ అనుకోలేదన్నాను. చాలా అనుకున్నాను.

మళ్లీ గురువారం, మళ్లీ చందానగర్, మళ్లీ రెండు విడతలు. తగ్గింది. అక్టోబర్ చివర్లో మూడోసారి మొదలైంది. ఈలోపు పిల్లకు ఇంటిల్లిపాదీ ఒకే పాట పాడాం. చేతులు కడుక్కో. నోట్లో పెట్టకు. ముట్టుకోకు. చూపించు, గోళ్లు చూపించు. దానికి వచ్చిన అలవాటు మొదట నేను గమనించలేదు. బడిలో టీచరు అడిగింది, వరుసలో నడిచేటప్పుడు రసజ్ఞ పక్కవాళ్ల చేయి ఎందుకు పట్టుకోవడం లేదని. అప్పుడు చూశాను. పిల్ల రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని నడుస్తోంది. లిఫ్టులో, రోడ్డు మీద, ఆఖరికి నాతో కూడా.

"చేయి ఇవ్వు, రోడ్డు దాటాలి," అన్నాను.

ఇవ్వలేదు. నా చీర కుచ్చిళ్ల పక్కన జాగ్రత్తగా నడిచింది. అటువైపు చేరాక తలెత్తి అడిగింది. "నానమ్మా, నేను గలీజా?"

"ఎవరన్నారే ఆ మాట?"

"ఎవరూ అనలేదు."

"కాదు తల్లీ. నువ్వు గలీజేమిటి?"

"మరి నువ్వు నా పక్కన ఎందుకు పడుకోవట్లేదు?"

ముప్పై మూడేళ్లలో కొన్ని వేల ప్రశ్నలకు జవాబు చెప్పాను. ఈ ప్రశ్నకు మాత్రం దాని గౌను మెడ సర్దాను. పురుగులు ఇవాళ కాకపోతే రేపు పోతాయి. ఈ మాట దాని తలలోంచి ఏ మాత్రతో పోతుంది? ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

ఆ గురువారం నర్సయ్య గారి దుకాణానికి వెళ్లేసరికి కౌంటర్ దగ్గర ఒకావిడ అటు తిరిగి నిలబడి ఉంది. ఎండ లేకపోయినా నల్లకళ్లద్దాలు, తలకు చున్నీ. ఆవిడ చేతిలో మాత్రల అట్ట చూడగానే అది ఏ మందో గుర్తుపట్టాను. నా పర్సులో ఖాళీ అట్ట కూడా అదే రంగు. ఆవిడ వెనక్కి తిరిగింది. తొమ్మిదో అంతస్తు ప్రశాంతి. మా రసజ్ఞ ప్రాణస్నేహితురాలు హర్షిణి వాళ్లమ్మ. వాట్సాప్ గ్రూపు నడిపేదీ ఆవిడే. ఒంట్లో బాగాలేని పిల్లల్ని దయచేసి కిందికి పంపకండి అని రెండు వారాల క్రితమే ఒక పొడుగు మెసేజ్ పెట్టింది.

ఇద్దరం దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాం.

"గ్యాస్ మందు కోసమొచ్చిన ఆంటీ," అంది చివరికి, అట్టను హ్యాండ్‌బ్యాగులోకి తోస్తూ.

"నేనూ అంతే," అన్నాను. నేను తీసి పెట్టిన చీటీ కౌంటర్ మీదే పరిచి ఉంది.

నర్సయ్య గారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "మీరిద్దరు ఒక్క తాననుంచే వచ్చిన్రా? నానక్‌రామ్‌గూడ టవర్లేనా? అక్కడికెళ్లి నెలకు పది పదిహేను మంది వస్తరమ్మా, గిదే మందుకు. ఎవ్వరు పేరు చెప్పరు. మీకాడ మందుల దుకాణం లేదా ఏంది?"

"మరి ఈ చుట్టుపక్కల వాళ్లు కొనరా?" అన్నాను మాట మార్చడానికి.

"వీళ్ల పోరగాళ్లకు సర్కారు బడిల ఇస్తరు గదా. అందరికి ఒక్క దినమే. ఇగ నా దగ్గరికెందుకొస్తరు?"

ఇది మూడోసారి. ఈసారి తగిలింది. ఏడాదికి రెండుసార్లు మా బడిలో ఆ పని చేయించింది నేనే. మధ్యాహ్న భోజనం కాగానే పిల్లలందరినీ వరుసగా కూర్చోబెట్టేవాళ్లం. ఒకటో తరగతి వాళ్లు భయపడి ఏడుస్తుంటే, అందరి ముందూ నేను మొదటి మాత్ర నమిలి చూపించేదాన్ని. తర్వాత రిజిస్టరులో సంతకం పెట్టి పైకి పంపేదాన్ని. రానివాళ్లకు వారం తర్వాత మళ్లీ వేయించేదాన్ని. అందరికీ ఒకేసారి ఎందుకని ఏ ఏడూ నన్ను నేను అడగలేదు. ఆర్డర్లో అలా ఉంది, అలా చేశాను.

వెళ్లేటప్పుడు ఒకే క్యాబ్ ఎక్కాం. ప్రశాంతి ఇక్కడి మనిషే. మా టవర్ల కింద నేల ఒకప్పుడు వాళ్ల మామగారి పొలమట. మియాపూర్ దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తర్వాత గొంతు తగ్గించింది, డ్రైవరు వినకుండా.

"ఆంటీ, జర ఈ సంగతి ఎవ్వరికి చెప్పకుండ్రి. గ్రూప్‌ల నా ఇజ్జత్ పోతది."

"ఎన్నోసారి?"

"నాలుగోసారి. దసరాకు ముంగట మంచిగ తగ్గింది. సెలవులల్ల మా అమ్మోళ్లింటికి పోతే అక్కడ గూడ మంచిగుండె. ఇక్కడికొచ్చినంక మల్ల షురువైంది. నాకు దిమాక్ పని చేస్తలేదు. మా హర్షిణికే ఎందుకు గిట్లయితుందో."

"మా రసజ్ఞకు మూడోసారి."

నల్లకళ్లద్దాలు తీసి నా వైపు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వింది కూడా. రెండూ ఒకేసారి.

మాత్రలు వేసిన తేదీలు చెప్పుకున్నాం. మేం వేసుకున్న ఆదివారాల్లో వాళ్లు వేసుకోలేదు. వాళ్లు వేసుకున్నప్పుడు మేం వేసుకోలేదు. పిల్లలిద్దరూ ఆటగదిలో ఒకే బిస్కెట్టును చెరిసగం కొరుక్కుంటారు. మా ఇంట తగ్గేసరికి వాళ్లింట ఉంటుంది, వాళ్లింట తగ్గేసరికి మా ఇంటికి వస్తుంది. నర్సయ్య గారి లెక్కన ఇంకా పది పదిహేను ఇళ్లున్నాయి. అందరం ఎవరికీ తెలియకుండా, తలా ఒక రోజున, చందానగర్ దాకా వచ్చి మరీ ఆ పురుగును పెంచి పోషిస్తున్నాం. డాక్టరమ్మ ఇంట్లో ఎంతమంది అని అడిగితే ఐదుగురన్నాం. మా ఇల్లు రెండు టవర్లంత ఉంది.

"అందరం ఒకే రోజు వేసుకుంటే పోతుంది," అన్నాను.

"అందరికి ఎవరు చెప్తరాంటీ? ముందుగాల చెప్పినోళ్లే గలీజోళ్లయితరు."

అదే మాట. ఐదేళ్ల పిల్ల నోటా ముప్పై అయిదేళ్ల మనిషి నోటా ఒకే మాట.

కిరణ్మయికి ఇల్లు చేరగానే చెప్పాను. ప్రశాంతి పేరెత్తలేదు, లెక్క మాత్రం చెప్పాను. అర్థమైంది, తెలివైన పిల్ల. అర్థమయ్యాక కూడా తల అడ్డంగా ఊపింది.

"రసజ్ఞ పేరు బయటికి రావడానికి వీల్లేదు అత్తయ్యగారూ. మీకు తెలియదు. ఇంటర్‌లో హాస్టల్లో నాకు పేలు పట్టాయని స్టడీ అవర్‌లో అందరి ముందూ జుట్టు కత్తిరించారు. ఇరవై ఏళ్లవుతోంది. పెళ్లిళ్లలో ఆ బ్యాచ్ వాళ్లు కనిపిస్తే ఇప్పటికీ వేరే టేబుల్‌కి వెళ్లిపోతాను."

ఎనిమిదేళ్లుగా నా కోడలు, ఈ ముక్క నాకు చెప్పడం అదే మొదటిసారి. దాని మీద నాకున్న కోపమంతా ఎటుపోయిందో తెలియలేదు. అటు చూస్తే ఇది, ఇటు చూస్తే వీపు వెనక చేతులు పెట్టుకున్న పిల్ల. చెబితే కోడలి మాట తప్పినట్టు, చెప్పకపోతే మనవరాలిని వదిలేసినట్టు. మూడు రోజులు నేను పూజలో కూడా తప్పు శ్లోకాలు చదివాను.

శనివారం డాక్టరమ్మకు ఫోన్ చేసి, అందరూ కలిసి వేసుకుంటే మంచిదేనా అని అడిగాను. "ఆ మాట చెప్పేవాళ్ల కోసమే ఎదురుచూస్తున్నానండి," అంది ఆవిడ. "మీ టవర్ల వాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. పేర్లు నేను చెప్పకూడదు."

ఆదివారం మా టవర్ల కార్తీక వనభోజనాలు. వనం అంటే ఆరో అంతస్తు మీద పచ్చిక, భోజనాలంటే క్యాటరింగ్. కుండీలో పెంచిన ఉసిరి మొక్క ఒకటి ఉంది, నా నడుము దాకా వస్తుంది. పిల్లలందరినీ దాని చుట్టూ వరుసగా కూర్చోబెట్టి విస్తళ్లు వేశారు. రసజ్ఞ చివర్న కూర్చుంది, పక్కన జాగా వదిలి. హర్షిణి జరిగి కూర్చోబోతే ఇది ఇంకా పక్కకు జరిగింది. స్పూనుతో పులిహోర తింటోంది.

భోజనాలయ్యాక మైకు నాకిచ్చారు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌ను కదా, ఉసిరి చెట్టు మహిమ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇచ్చింది ప్రశాంతే. నేను లేచి నిలబడ్డాను. ఏం చెప్పాలో అప్పటికీ నాకు తెలియదు. నా ఎదురుగా పిల్లల బంతి, అచ్చం మా బడి మధ్యాహ్న భోజనంలా. నా చేయి దానంతటదే, గురువారం కొన్న మాత్రలున్న పర్సులోకి వెళ్లింది.

"ఉసిరి చెట్టు గురించి వచ్చే ఏడాది చెబుతాను," అన్నాను. "ఇవాళ నా గురించి చెబుతాను. నాకు నులిపురుగులున్నాయి."

వెనక ఎవరో కుర్చీ జరిపారు. కిరణ్మయి ఐస్‌క్రీమ్ బల్ల దగ్గర నిలబడిపోయింది. నేను దాని వైపు చూడలేదు, చూస్తే మాట ఆగిపోతుంది.

"ఎక్కడివో తెలియదు. రెండుసార్లు మందు వేసుకున్నాను. పోయి మళ్లీ వస్తున్నాయి. మీ పిల్లలందరితో ఆడతాను, కథలు చెబుతాను, వాళ్ల చేతులు పట్టుకుంటాను. వాళ్లకు నేనే ఇస్తున్నానో, నాకు వాళ్లిస్తున్నారో నాకు తెలియడం లేదు. డాక్టరమ్మను అడిగాను. వచ్చే ఆదివారం పొద్దున టిఫిన్లయ్యాక అన్ని ఇళ్లలోనూ ఒకే రోజు వేసుకుంటే, రెండు వారాలకు మళ్లీ వేసుకుంటే, పీడ పోతుందని చెప్పింది. కడుపుతో ఉన్నవాళ్లు, రెండేళ్లలోపు పిల్లలున్నవాళ్లు ముందు డాక్టరును అడగండి. నేను ఆగలేను, ఇవాళే మొదలుపెడుతున్నాను."

మాత్ర నోట్లో వేసుకుని, మైకు దించకుండానే నమిలాను. మైకులో కరకర వినిపించిందట. పిల్లలు నవ్వారు. నాలుక చాపి చూపించాను, మా ఒకటో తరగతికి చూపించినట్టు. సిగ్గనిపించిందా అంటే అనిపించింది. అరవై ఆరేళ్ల మనిషిని, ఊళ్లో నా ముందు సైకిలు దిగి నడిచేవాళ్లు.

ముందు ప్రశాంతి లేచింది. "మా ఇంట్ల అయితే లేవు. అయినా ఆంటీ చెప్పిన్రు గాబట్టి, మేం ఆదివారం ఏసుకుంటం."

"మా ఇంట్లో అయితే లేవండి," అంది పదకొండో అంతస్తావిడ. "ముందుజాగ్రత్తగా వేసుకుంటాం."

"మాకు కూడా లేవండి. పిల్లల కోసమని."

ఒక్కొక్కరే లేస్తున్నారు. ఎవరింట్లోనూ లేవు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. రాత్రికి గ్రూపులో ప్రశాంతి తేదీ పెట్టింది. కింద నలభై మూడు బొటనవేళ్లు పడ్డాయని కిరణ్మయి ఫోనులో రోహిత్ చూపించాడు. ఒక్కరు కూడా ఉన్నాయని రాయలేదు.

కానీ అది తర్వాతి సంగతి. వనభోజనాల నుంచి లిఫ్టులో పైకి వెళుతున్నది మేం ముగ్గురమే. నేను, కిరణ్మయి, మధ్యలో రసజ్ఞ. కిరణ్మయి తలుపు వైపే చూస్తోంది. అరుస్తుందేమో అనుకున్నాను.

"అత్తయ్యగారూ, మీకు నిజంగానే ఉన్నాయా?"

"ఏమోనమ్మా. ఉన్నాయో లేవో నాకు నిజంగా తెలియదు."

కిరణ్మయి నా మోచేయి పట్టుకుంది. వదల్లేదు.

రసజ్ఞ తలెత్తి నన్ను పరీక్షగా చూసింది. చేతులు రెండూ వీపు వెనకే ఉన్నాయి.

"నానమ్మా, నువ్వు కూడా గలీజా?"

కాదని చెప్పబోయాను. ఒకసారి కాదని చెప్పి చూశాను కదా, దానివల్ల ఏమీ జరగలేదు.

"అవునే," అన్నాను. "నేను కూడా."

మొహంలో ముడి విడిపోయింది.

"అయితే నువ్వు నా చేయి పట్టుకోవచ్చు," అని కుడిచేయి ముందుకు చాచింది. గోళ్లు లోపలిదాకా కత్తిరించిన ఆ చిన్న వేళ్లు నా అరచేతిలో గరుకుగా తగిలాయి. ఇరవై రెండో అంతస్తు వచ్చి తలుపు తెరుచుకున్నా మేం వెంటనే దిగలేదు.